పదకొండోవాడు

1996 వేసవిలో మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఎన్‌టీ వర్క్‌స్టేషన్ 4.0 బీటాని డెవలపర్ల చేతికిచ్చింది. వేసుకుని చూసినవాళ్లకి నెట్‌వర్క్ భాగంలో ఒక కొత్త లెక్క కనబడింది. ఏ పది నిమిషాలు తీసుకున్నా, బయటినుంచి పది వేర్వేరు ఐపీ అడ్రసులు మాత్రమే ఆ మెషీన్‌తో మాట్లాడగలవు. పదకొండోవాడు వచ్చి తలుపు కొడితే లోపల్నుంచి పలికేవాళ్లుండరు.

ఆఫీసులో నలుగురూ కలిసి ఒక ప్రింటర్ వాడుకోవడానికైతే పది చాలా ఎక్కువ. వెబ్‌సర్వర్‌కి మాత్రం పది అంటే కొట్టు తెరిచి షట్టరు సగం దించినట్టు. మైక్రోసాఫ్ట్ ఉద్దేశం కూడా అదే. వెబ్‌సర్వర్ నడుపుకోవాలంటే వర్క్‌స్టేషన్ కాదు, ఎన్‌టీ సర్వర్ కొనుక్కోండి అని.

బ్రౌజర్ల యుద్ధం గురించి మనలో చాలామందికి తెలుసు. నెట్‌స్కేప్ ఎలా పోయింది, కేసు వాంగ్మూలంలో బిల్ గేట్స్ ఎలా నీళ్లు నమిలాడు అన్నది వీడియోలతో సహా దొరుకుతుంది. సర్వర్ వైపు జరిగిన ఈ గొడవ అంతకన్నా చిన్నది, త్వరగా మరుగునపడిపోయింది. కానీ నాకు ఇదే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. డబ్బిచ్చి సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు మనం కొన్నది వస్తువునా, అనుమతినా? ఆ వస్తువుకి ఏం తగిలించుకోవచ్చో ఎవరు చెప్పాలి? ఈ రెండు ప్రశ్నలూ అంత నగ్నంగా ఇంకెక్కడా కనబడవు.

కొంచెం వెనక్కి వెళ్దాం. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సర్వర్ నడిచింది ఒక వర్క్‌స్టేషన్ మీదే. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ టేబుల్ మీదున్న నెక్స్ట్ కంప్యూటర్ అది. పేజీలు రాసిందీ, చదివిందీ, ప్రపంచానికి వడ్డించిందీ అదే డబ్బా. ఎవరైనా పొరపాటున ఆపేస్తారేమోనని, ఇది సర్వర్, కట్టెయ్యొద్దు అని చేత్తో రాసిన చీటీ దానికి అంటించారు. ఆ చీటీ ఇప్పటికీ ఉంది. అంటే సర్వర్ అనేది వేరే జాతి యంత్రం కాదు. నీ టేబుల్ మీదున్న మెషీన్ ఎదుటివాడి ప్రశ్నకి జవాబిస్తే, ఆ క్షణానికి అదే సర్వర్. వెబ్ పుట్టుకలోనే ఈ ఊహ ఉంది.

ఆ రోజుల్లో వెబ్ కంటే గోఫర్‌కి ఎక్కువ పేరు. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు 1991లో తయారుచేసింది. మెనూల్లోంచి మెనూల్లోకి వెళ్తూ సమాచారం వెతుక్కునే పద్ధతి. 1993 వసంతంలో యూనివర్సిటీ, గోఫర్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని కొన్ని రకాల వాడకాలకి డబ్బు కట్టి లైసెన్స్ తీసుకోవాలని ప్రకటించింది. అడిగింది పెద్ద మొత్తమా చిన్న మొత్తమా అని కూడా ఎవరూ ఆగి ఆలోచించలేదు. రేపు ఏమడుగుతారో అన్న భయం చాలు. అదే సంవత్సరం ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేర్ మీద హక్కులన్నీ వదులుకుంటున్నట్టు రాసిచ్చింది. రెండు పేజీల కాగితం. గోఫర్ ఓడిపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి, బొమ్మలు చూపించలేకపోవడం లాంటివి. అయినా ఆ ఒక్క ప్రకటన చేసిన చేటు తక్కువ కాదు. 2000లో గోఫర్‌ని జీపీఎల్ కింద విడుదల చేసేనాటికి అడిగేవాడే లేడు.

సెర్న్ తర్వాత కథ ఇల్లినాయ్‌కి మారింది. అక్కడి ఎన్‌సీఎస్‌ఏలో రాబ్ మెకూల్ అనే కుర్రాడు రాసిన హెచ్‌టీటీపీడీ చాలాకాలం అందరి సర్వరూ అదే. అతను 1994లో వెళ్లిపోయాక దాని ఆలనాపాలనా చూసేవాళ్లు లేకపోయారు. వాడుకుంటున్నవాళ్లు ఎవరి ప్యాచ్‌లు వాళ్లు రాసుకుని, ఈమెయిల్స్‌లో పంచుకుని, 1995 ఫిబ్రవరిలో ఎనిమిదిమంది కలిసి ఒక జట్టు కట్టారు. అదే అపాచీ. నెట్‌క్రాఫ్ట్ మొదటి లెక్క 1995 ఆగస్టులో తీసినప్పుడు ప్రపంచం మొత్తమ్మీద 18,957 సైట్లు. అప్పటికి ఎన్‌సీఎస్‌ఏదే పైచేయి. 1996 ఏప్రిల్ కల్లా అపాచీ మొదటి స్థానానికొచ్చింది.

అయితే ఈ అపాచీ యూనిక్స్ మెషీన్ల మీదే నడిచేది. విండోస్‌కి అది సరిగ్గా వచ్చింది 1998లో, 1.3 వెర్షన్‌తో. మరి చిన్న ఆఫీసులో ఒక మామూలు పీసీ, దాంట్లో విండోస్, ఒక టెలిఫోన్ లైను మాత్రమే ఉన్నవాడి సంగతేంటి? వాడికోసం బాబ్ డెన్నీ అనే ప్రోగ్రామర్ ముందు విండోస్ 3.1కి ఒక వెబ్‌సర్వర్ రాశాడు. తర్వాత దాన్నే పెంచి, పుస్తకాల ప్రచురణకర్తలైన ఓరైలీ వాళ్లతో కలిసి 1995లో ఒక వాణిజ్య సర్వర్ తెచ్చాడు. పేరు వెబ్‌సైట్. (గూగుల్‌లో ఇప్పుడు ఆ పేరుతో దాన్ని వెతికి చూడండి, మీ అదృష్టం.) అట్ట మీద జంతువుల బొమ్మలుండే కంప్యూటర్ పుస్తకాల ఓరైలీయే. విజువల్ బేసిక్ వచ్చినవాడు కూడా ఫారాలు, డేటాబేస్‌లు వెబ్ మీద పెట్టుకునేలా విన్-సీజీఐ అనే ఏర్పాటు అందులో ఉంది. యూనిక్స్ రానివాడికి అది నిజంగా పెద్ద సంగతి.

ఇప్పుడు ధరలు చూడండి. ఎన్‌టీ వర్క్‌స్టేషన్ సుమారు 300 డాలర్లు. ఎన్‌టీ సర్వర్ సుమారు 1000 డాలర్లు. రెండోదాంతో మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సర్వర్ ఐఐఎస్ ఉచితంగా వస్తుంది. ఓరైలీ సర్వర్ కొనుక్కున్నవాడు దాన్ని వర్క్‌స్టేషన్ మీద వేసుకుంటే చవకలో పని అయిపోతుంది. పది అడ్రసుల హద్దు పెట్టాక వాడు తప్పనిసరిగా ఎన్‌టీ సర్వర్ కొనాలి. కొన్నాక ఎలాగూ ఐఐఎస్ చేతిలో ఉంది, ఇంకో వెబ్‌సర్వర్‌కి డబ్బెందుకు తగలేస్తాడు? ఐఐఎస్ ఉచితం అన్న మాటలోని 'ఉచితం' ఎక్కడ్నుంచి వస్తోందో ఇక్కడ తెలుస్తుంది.

టిమ్ ఓరైలీ ఊరుకోలేదు. బిల్ గేట్స్‌కి బహిరంగ లేఖ రాశాడు, ప్రభుత్వ న్యాయశాఖకీ ఫిర్యాదు చేశాడు. ఆగస్టులో నెట్‌స్కేప్ లాయర్ గేరీ రీబ్యాక్ న్యాయశాఖకి రాసిన ఉత్తరంలోనూ ఈ విషయం ఉంది. ఓరైలీ వైపు వాదన నాకు అర్థమైనంతవరకూ ఇది: టీసీపీ/ఐపీ మైక్రోసాఫ్ట్ సొత్తు కాదు. పేజీలు వడ్డిస్తున్నది మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ కాదు, మాది. వచ్చిన అతిథి మీ ఫైళ్లు తాకట్లేదు, మీ ప్రింటర్ వాడట్లేదు. మా ఇంటికొచ్చే చుట్టాల్ని లెక్కపెట్టడానికి మీరెవరు?

గొడవ పెద్దదయ్యాక మైక్రోసాఫ్ట్ ఒక పని చేసింది. కోడ్‌లో పెట్టిన హద్దు తీసేసింది. లైసెన్స్ ఒప్పందంలో మాత్రం ఉంచింది. అంటే 4.0 అసలు విడుదలలో పదకొండోవాడికి తలుపు తెరుచుకుంటుంది, కానీ తెరిస్తే మీరు ఒప్పందం మీరినట్టు.

ఇది వెనకడుగు అనుకున్నవాళ్లున్నారు. నా లెక్కలో ఇది ముందడుగే, మైక్రోసాఫ్ట్ వైపునుంచి. కోడ్‌లో ఉన్న తాళాన్ని తెలివైనవాడు ఎవడో ఒకడు తీస్తాడు. ఒప్పందంలో ఉన్న వాక్యాన్ని తియ్యలేడు. పైగా ఆ వాక్యానికి భయపడేది ఎవరు? ఇంట్లో కూచుని ఆడుకునే కుర్రాడు భయపడడు. లాయర్ ఉన్న కంపెనీ భయపడుతుంది. డబ్బు పెట్టి వెబ్‌సర్వర్ కొనేదీ ఆ కంపెనీలే. ఓరైలీ కస్టమర్లు సరిగ్గా వాళ్లు.

అసలు ఆ ఒప్పందాలు చెల్లుతాయా అన్నది కూడా అప్పుడే తేలుతోంది. పెట్టె లోపల పెట్టిన కాగితం, కొనేముందు ఎవరికీ కనబడదు, విప్పితే ఒప్పుకున్నట్టే అంటుంది. ఇలాంటివాటిని అమెరికన్ కోర్టులు అంతవరకూ అనుమానంగానే చూశాయి. 1996 జూన్ 20న, అంటే సరిగ్గా ఈ గొడవ ముందు, ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు ప్రొసీడీ వర్సెస్ జైడెన్‌బర్గ్ కేసులో తీర్పిచ్చింది. ఈ కేసుని మా ఇంజినీరింగ్ సిలబస్‌లో ఎక్కడైనా ఒక పాఠంగా పెట్టుండాల్సింది.

ప్రొసీడీ అనే కంపెనీ మూడువేలకు పైగా టెలిఫోన్ డైరెక్టరీలని ఒకచోట చేర్చి సీడీల్లో అమ్మింది. మామూలు జనానికి సుమారు 150 డాలర్లు, వ్యాపారులకి చాలా ఎక్కువ. సరుకొకటే, పెట్టె లోపలి ఒప్పందం వేరు. విస్కాన్సిన్‌లో మాథ్యూ జైడెన్‌బర్గ్ చవక పెట్టె కొని, ఆ నంబర్లని ఇంటర్నెట్‌లో పెట్టి తక్కువ ధరకి అందించడం మొదలెట్టాడు. టెలిఫోన్ నంబర్ల జాబితాకి కాపీరైట్ లేదని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది కాబట్టి తనకి అడ్డులేదనుకున్నాడు. కాపీరైట్ లేకపోతేనేం, ఒప్పందం ఉంది కదా అన్నాడు జడ్జి ఈస్టర్‌బ్రుక్. విప్పాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చెయ్యొచ్చు, ఇవ్వకుండా వాడుకున్నావు కాబట్టి ఒప్పుకున్నట్టే. అంతటితో ఆగలేదు. ఒకే సరుకుని ఇద్దరికి రెండు ధరలకి అమ్ముకోవడం మంచిదేనన్నాడు. అది కుదరకపోతే అందరికీ ఒకే ధర పెట్టాల్సొస్తుంది, అప్పుడు మామూలు కొనుగోలుదారుడే నష్టపోతాడని.

ఈ వాదనలో పస లేకపోలేదు. నేను సాఫ్ట్‌వేర్ రాసే కూలీనే, ధర ఎలా పెడతారో రోజూ చూస్తుంటాను. విద్యార్థికి ఒక ధర, బ్యాంకుకి ఇంకో ధర పెట్టకపోతే విద్యార్థి చేతికి ఏదీ అందదు. ఎన్‌టీ విషయంలో చిక్కు ఇంకోచోట ఉంది. ప్రొసీడీ తన నంబర్లని తాను రెండు ధరలకి అమ్ముకుంది. మైక్రోసాఫ్ట్ తన ధరల గోడని పక్కవాడి సరుకు మీదుగా కట్టింది. ఆ గోడ కింద నలిగింది ఓరైలీ వెబ్‌సర్వర్.

సెప్టెంబరులో కథ ఇంకో మలుపు తిరిగింది. రెండూ వేర్వేరు ఉత్పత్తులనీ, వర్క్‌స్టేషన్ అసలు సర్వర్ పనికి తగినట్టు తయారుచేసింది కాదనీ మైక్రోసాఫ్ట్ చెబుతూ వచ్చింది. ఓరైలీలో ఎడిటర్‌గా ఉన్న ఆండ్రూ షుల్మన్, విండోస్ పొట్ట కోసి చూడటంలో అప్పటికే పేరున్నవాడు, మార్క్ రసినోవిచ్ అనే యువ పరిశోధకుడితో కలిసి రెండు సీడీల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. కెర్నల్ ఫైలు రెండింట్లో ఒక్కటే. బైటు బైటుకీ ఒక్కటే. తేడా రిజిస్ట్రీలో ఉంది. ప్రొడక్ట్‌టైప్ అనే చోట ఒకదాంట్లో విన్‌ఎన్‌టీ అనీ, ఇంకోదాంట్లో సర్వర్‌ఎన్‌టీ అనీ రాసి ఉంది. దానికి తోడు సెటప్ విభాగంలో ఇంకో విలువలో ఒక బిట్. ఈ రెండూ మారిస్తే 300 డాలర్ల సరుకు 1000 డాలర్ల సరుకులా ప్రవర్తిస్తుంది.

మనూళ్లో ఆర్టీసీ బస్సు గుర్తొస్తుంది నాకు. పల్లె వెలుగు బోర్డు తీసి ఎక్స్‌ప్రెస్ బోర్డు పెడతారు. అదే ఇంజిను, అవే సీట్లు, అదే డ్రైవరు. టికెట్టు మాత్రం పెరుగుతుంది. ఐతే న్యాయంగా చెప్పుకోవాలంటే, బోర్డు మారాక ఆ బస్సు నిజంగానే కొన్ని ఊళ్లలో ఆగదు. ఎన్‌టీ కూడా అంతే. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ ఆ విలువ చదువుకుని, మెమరీ ఎలా పంచాలి, ప్రోగ్రాములకి సమయం ఎలా కేటాయించాలి, ఫైల్ కాష్‌కి ఎంత ఇవ్వాలి లాంటివి చాలా నిర్ణయిస్తుంది. మైక్రోసాఫ్ట్ జవాబూ అదే: ఆ ఒక్క విలువ వెనక చాలా మార్పులున్నాయి. నిజమే. కానీ ఆ మార్పులన్నీ నేను కొన్న సీడీలో ఇప్పటికే ఉన్నాయి కదా అన్న ప్రశ్నకి అది జవాబు కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన వివరం ఇంకోటి. ఆ విలువల్ని ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాయడానికే కెర్నల్‌లో రెండు థ్రెడ్లు ఉన్నాయి. ఎవరైనా మారిస్తే వెంటనే పాత విలువని తిరిగి రాసి, మీరు లైసెన్స్ ఉల్లంఘిస్తున్నారు అని తెర మీద హెచ్చరిక పెడతాయి. ఆలోచించండి. మీ మెషీన్, మీ కరెంటు, మీ ప్రాసెసర్. దాంట్లో పగలూ రాత్రీ రెండు థ్రెడ్లు నడుస్తున్నాయి. వాటి పని ఫైలు తెరవడం కాదు, పేజీ పంపడం కాదు. ఒప్పందంలోని ఒక వాక్యాన్ని కాపాడటం. లాయర్ రాసినదాన్ని ప్రోగ్రామర్ కోడ్‌లోకి అనువదించిన తొలి ఉదాహరణ ఇదే అనను, కానీ ఇంత స్పష్టంగా కనబడేది ఇంకోటి నాకు తెలీదు. ఇప్పుడు మన ఫోన్లలో, కార్లలో, ప్రింటర్ ఇంకులో ఇలాంటి కాపలావాళ్లు ఎంతమందో.

న్యాయశాఖ 1998 మే 18న మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావా ప్రధానంగా బ్రౌజర్ చుట్టూ తిరిగింది. పది అతిథుల సంగతి పక్కకి పోయింది. ఓరైలీ కొన్నేళ్లకి వెబ్‌సైట్ సర్వర్‌ని వదిలించుకున్నాడు. ఒకటి మాత్రం మర్చిపోకూడదు: ఆ సర్వర్ కూడా యాజమాన్య సాఫ్ట్‌వేరే, దానికీ లైసెన్సూ ధరా ఉన్నాయి. స్వేచ్ఛ కోసం పోరాడిన వీరుడిలా ఓరైలీని చూపించే కథనాలు నాకు కొంచెం చిరాకు. తన సరుకు అమ్ముకునే హక్కు కోసం పోరాడాడు, అది చాలు. ఆ అనుభవం అతన్ని ఎటు నడిపించిందన్నది వేరే విషయం. 1998 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్, అపాచీ బ్రయాన్ బెలెన్‌డార్ఫ్ లాంటివాళ్లని ఒకచోట కూర్చోబెట్టి, ఓపెన్‌సోర్స్ అన్న పేరుని ఖాయం చేసిన సమావేశం పెట్టింది ఇతనే.

ఆ పది మాత్రం పోలేదు. నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా ల్యాబ్‌లో అన్నీ విండోస్ ఎక్స్‌పీ మెషీన్లు. అందులో ఐఐఎస్ 5.1 వస్తుంది. ఒక్క సైటే పెట్టుకోవాలి, పది కనెక్షన్లే. వెబ్ టెక్నాలజీస్ ల్యాబ్‌లో ఒకడి మెషీన్ మీద అందరి ప్రాజెక్టూ పెట్టి, ముప్పైమంది ఒకేసారి తెరిస్తే 403.9 అని ఎర్రర్ వచ్చేది, వాడుతున్నవాళ్లు ఎక్కువైపోయారని. ల్యాబ్ అసిస్టెంట్ పాపం కేబుళ్లు పీకి మళ్లీ పెట్టేవాడు. అది కేబుల్ సమస్య కాదనీ, చెడిపోయింది కాదనీ, ఎక్కడో రెడ్‌మండ్‌లో ఎవరో ధర నిర్ణయించినప్పుడు పుట్టిన ఎర్రర్ అనీ ఆ గదిలో ఎవరికీ తెలీదు. రెండు వరసల్లో కూచుని వంతులవారీగా తెరుచుకునేవాళ్లం.

ఇంతవరకూ హక్కుల సంగతి. దీనికి కవలపిల్ల ఇంకోటుంది, ఒకదానితో ఒకటి పొసగడం. ఎవడి ధర వాడు పెట్టుకున్నా, ఒకడి దగ్గర్నుంచి ఇంకొకడి దగ్గరికి మూటాముల్లే సర్దుకుని వెళ్లగలిగితే ధర అదుపులో ఉంటుంది. వెళ్లలేకపోతే లైసెన్స్‌లో ఏం రాసినా చదవక్కర్లేదు.

వెబ్‌సర్వర్ నుంచి ప్రోగ్రామ్‌ని పిలిచే పాత పద్ధతి సీజీఐ. 1993లో ఎన్‌సీఎస్‌ఏ వాళ్లూ, ఈమెయిల్స్‌లో వాదించుకున్న మరికొందరూ కలిసి కుదుర్చుకున్న ఏర్పాటు అది. యజమాని లేడు. ఆర్‌ఎఫ్‌సీగా అచ్చయింది 2004లో, అంటే పదేళ్లకి పైగా పెళ్లి లేకుండానే కాపురం చేసింది. నెమ్మది అనే వంకతో సర్వర్ కంపెనీలు సొంత దారులు వేసుకున్నాయి. నెట్‌స్కేప్ ఎన్‌ఎస్‌ఏపీఐ, మైక్రోసాఫ్ట్ ఐఎస్‌ఏపీఐ. వీటిల్లో రాసిన ప్రోగ్రామ్ ఇంకో సర్వర్‌లో నడవాలంటే ఆ సర్వర్ వీళ్ల భాష నేర్చుకోవాలి. ఐఎస్‌ఏపీఐని ఇతరులూ నేర్చుకున్నారు, అపాచీ కూడా.

అసలు బంధం ఏఎస్‌పీతో పడింది. 1996 చివర్లో ఐఐఎస్ 3.0తో వచ్చిన యాక్టివ్ సర్వర్ పేజెస్. హెచ్‌టీఎమ్‌ఎల్ మధ్యలో వీబీస్క్రిప్ట్ రాసుకుంటే చాలు, పేజీ తయారు. 2000 ప్రాంతంలో అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల మీద వీబీ, ఏఎస్‌పీ అన్న అక్షరాలు ఎంతమందికి అన్నం పెట్టాయో హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ అన్నాన్ని నేను తక్కువ చెయ్యను. అలా నేర్చుకున్నవాళ్లలో మా సీనియర్లున్నారు, మా మేనేజర్లున్నారు. సమస్య భాషలో లేదు. ఏఎస్‌పీ వాక్యనిర్మాణాన్ని ఎవరైనా అనుకరించొచ్చు. చిలీసాఫ్ట్ అనే చిన్న కంపెనీ అనుకరించింది కూడా, యూనిక్స్ మీద అపాచీలో ఏఎస్‌పీ నడిపించింది. కానీ నిజమైన ప్రాజెక్టుల్లో ప్రతి పేజీలోనూ సర్వర్.క్రియేట్‌ఆబ్జెక్ట్ అని ఒక వరస ఉంటుంది. అది విండోస్‌లో మాత్రమే ఉండే ఏదో డీఎల్‌ఎల్‌ని పిలుస్తుంది. పేజీ యూనిక్స్‌కి వస్తుంది, డీఎల్‌ఎల్ రాదు. చిలీసాఫ్ట్‌ని 2000లో కోబాల్ట్ కొంది, కోబాల్ట్‌ని సన్ కొంది, ఆ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ పేరు పొడుగవుతూ వాడకం కురచవుతూ పోయింది.

తెలుగు పాఠకులకి ఈ బాధ వేరే రూపంలో బాగా తెలుసు. తొలినాళ్లలో మన దినపత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు, ఒక్కో ఎన్‌కోడింగ్. వాళ్ల ఫాంటు లేకపోతే వార్త బదులు పిచ్చిగీతలు. ఫాంటుని పేజీతో పాటే పంపే డైనమిక్ ఫాంట్లలోనూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఒక రకం, నెట్‌స్కేప్‌కి ఇంకో రకం. ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చి ఆ ఎన్‌కోడింగ్‌లని విప్పి యూనికోడ్‌లోకి మార్చేదాకా, మన భాషలో రాసిన వార్తని వెతుక్కునే వీలే లేదు. ఇంకొకరి ఫాంటులో ఏ అక్షరం ఏ సంఖ్య దగ్గర దాక్కుందో ఓపిగ్గా పోల్చుకుని రాసినవాళ్లకి ఋణపడి ఉన్నాం.

ఆ ఓపికే యూరప్‌లో కోర్టుకెక్కింది. విండోస్ మెషీన్లు ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడుకునే భాషని ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ తీగ మీద విని నేర్చుకున్నాడు. ఫ్రెంచి రాకుండా ఫ్రాన్స్‌లో ఒక కేఫ్‌లో కూచుని, ఎవరు ఏమంటే వెయిటర్ ఏం తెస్తున్నాడో గమనించి భాష నేర్చుకోవడం లాంటిది అని ఆ పద్ధతిని అతనే వివరించాడు. అలా పుట్టింది సాంబా. విని నేర్చుకోవడం చట్టబద్ధమే. కానీ విండోస్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచీ వినాలి. 2004 మార్చి 24న యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, సర్వర్ ప్రోటోకాళ్ల వివరాలు పోటీదారులకి ఇవ్వాలని ఆదేశించింది. అప్పీలు 2007 సెప్టెంబరు 17న ఓడిపోయింది. ఆ డిసెంబరులో సాంబా తరఫున ఒక సంస్థ 10,000 యూరోలు కట్టి ఆ పత్రాలు తీసుకుంది. ఒకేసారి, అంతే. పదిహేనేళ్లుగా చాటునుంచి విన్నవాళ్ల చేతికి చివరికి వ్యాకరణ పుస్తకం వచ్చింది. ఇది ఫైల్ సర్వర్ల కేసు, వెబ్‌సర్వర్లది కాదు. ఓరైలీ అడిగినప్పుడు ఎవరూ ఇవ్వని జవాబు మాత్రం ఇందులో ఉంది: మార్కెట్టంతా నీ చేతిలో ఉన్నప్పుడు, పక్కవాడు తగిలించుకునే సాకెట్ ఆకారం నీ సొంత రహస్యం కాదు.

మన దగ్గర? 1999 సవరణతో మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోకి ఒక చిన్న వాక్యం వచ్చింది. చట్టబద్ధంగా ప్రోగ్రామ్ చేతిలో ఉన్నవాడు, తను స్వతంత్రంగా రాసుకున్న ప్రోగ్రామ్‌ని దాంతో కలిపి నడిపించడానికి కావలసిన సమాచారం వేరేచోట సులువుగా దొరక్కపోతే, దాన్ని రాబట్టుకునే పని కాపీరైట్ ఉల్లంఘన కాదు. దాని పక్కనే, పనితీరుని గమనించి, పరీక్షించి, లోపలి ఆలోచనని తెలుసుకోవడం కూడా తప్పుకాదని ఉంది. ట్రిడ్జెల్ కేఫ్‌ని ఇంతకంటే క్లుప్తంగా చట్టంలో రాయడం కష్టం. నేను పనిచేసిన చోట్ల ఈ సెక్షన్ పేరు విన్నవాళ్లు నాకు తగల్లేదు.

ఇక వస్తువా అనుమతా అన్న ప్రశ్న మన సుప్రీంకోర్టుకి వచ్చింది మన రాష్ట్రం పుణ్యమా అనే. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ఒరాకిల్, లోటస్ లాంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల అమ్మకం మీద అమ్మకపు పన్ను కట్టమంది రాష్ట్రం. సాఫ్ట్‌వేర్ అంటే బుద్ధికి సంబంధించినది, చేత్తో పట్టుకునే సరుకు కాదు, పన్నెలా వేస్తారు అంది కంపెనీ. 2004 నవంబరు 5న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రం వైపు చెప్పింది. సీడీలో పెట్టి, కొనీ అమ్మీ, చేతులు మారేదైతే అది సరుకే. 2021 మార్చి 2న ఇంకో కేసులో ఇవే పాత్రలు తిరగబడ్డాయి. విదేశీ కంపెనీల సాఫ్ట్‌వేర్‌కి కట్టే డబ్బు కాపీరైట్ వాడుకున్నందుకిచ్చే రాయల్టీయే అంది ఆదాయపు పన్ను శాఖ. కాదు, అది సరుకు కొన్న డబ్బు అన్నాయి కంపెనీలు. ఈసారి కంపెనీలు గెలిచాయి. రెండుసార్లూ సరుకే గెలిచింది, వాదించినవాళ్లే గోడ దూకారు. ఎవరి జేబు ఎటుంటే సాఫ్ట్‌వేర్ స్వభావం అటు.

మార్క్ రసినోవిచ్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2006లో కొనేసింది. ఇప్పుడతను వాళ్ల అజూర్ క్లౌడ్‌కి సీటీఓ. అజూర్‌లో నడిచే మెషీన్లలో సగానికి పైగా లైనక్స్‌వి, వాటికి అతిథుల లెక్కలు లేవు, గంటల లెక్కలున్నాయి. విండోస్ 10 లైసెన్స్‌లో ఉన్నది పది కాదు, ఇరవై. ఫైళ్లు, ప్రింటర్, ఐఐఎస్ లాంటివాటి కోసం బయటి డివైసులు ఇరవై దాకా రావచ్చు.

ఇది రాస్తూ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రిజిస్ట్రీ తెరిచి చూశాను. ప్రొడక్ట్‌టైప్ అదే చోట ఉంది. విన్‌ఎన్‌టీ అని రాసి ఉంది.